స్నేహితుడి ఇంటికి కెమెరాలు: ఎనిమిదా, మూడా?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: నా చిన్ననాటి స్నేహితుడు విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో సొంత ఇంట్లో ఉంటున్నాడు. కింది వాటా అద్దెకు ఇచ్చి, పై వాటాలో భార్య, తల్లితో కాపురం ఉంటున్నాడు. ఆటోనగర్‌లో రాత్రి షిఫ్టు ఉద్యోగం కావడంతో వారంలో నాలుగు రాత్రులు ఇంట్లో ఆడవాళ్ళిద్దరే ఉంటారు. ఈమధ్య పోర్టికోలో నిలిపిన స్కూటరులో రెండుసార్లు పెట్రోలు పోయింది. ఒకనాటి అర్ధరాత్రి ఎవరో గేటు గొళ్ళెం తీసిన చప్పుడు కూడా వినిపించిందట. కెమెరాలు పెట్టించే పని నాకు అప్పగించి, ఖర్చు రూ. 18 వేలు దాటకూడదన్నాడు. ఒక దుకాణంవారు 5 మెగాపిక్సెల్ కెమెరాలు ఎనిమిది, ఎనిమిది ఛానెళ్ళ డీవీఆర్ (కెమెరాల దృశ్యాలను రికార్డు చేసే పెట్టె; ఒక్కో కెమెరాకు ఒక్కో ఛానెల్), 500 జీబీ హార్డ్ డిస్క్ కలిపి రూ. 26 వేలకు అంచనా రాసిచ్చారు. కెమెరాల సంఖ్య తగ్గించాలా, నాణ్యత తగ్గించాలా? వైఫై కెమెరాలైతే చవకలో పోతుందని మరికొందరు అంటున్నారు. ఇంట్లో ఇన్వర్టరు, ఫైబర్ ఇంటర్నెట్ ఉన్నాయి. గేటు పడమటి వైపు ఉంది. గేటుకూ పోర్టికో స్తంభానికీ మధ్య దూరం ఇరవై అడుగులు.
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

సమాధానం: సంఖ్యే తగ్గించండి, అదీ సగానికి పైగా తగ్గించండి. మీరు వర్ణించిన ఇంటికి మూడు కెమెరాలు సరిపోతాయి: గేటులోకి వచ్చిన మనిషి ముఖం కోసం ఒకటి, పోర్టికోలోని బండి, మేడ మెట్ల మొదలు కనబడేందుకు ఒకటి, డాబా మీది తలుపు దగ్గర ఒకటి. నాలుగు ఛానెళ్ళ డీవీఆర్ తీసుకుంటే ఒక ఛానెల్ ఖాళీగా మిగులుతుంది. ఆరు నెలలు గడిచాక ఇంటి వెనక సందులోనూ ఒకటి ఉంటే బాగుండుననిపిస్తే అప్పుడు పెట్టించుకోవచ్చు.

దుకాణంవారి అంచనాలో నాకు ముందుగా కనబడిన లోపం ధర కాదు, ఆ 500 జీబీ డిస్క్. 5 మెగాపిక్సెల్ కెమెరా సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తుందనుకుంటే, రోజుకు ఒక్కొక్కటి సుమారు 43 జీబీ నింపుతుంది. ఎనిమిదీ కలిస్తే రోజుకు దాదాపు 345 జీబీ. అంటే నిరంతరాయంగా రికార్డు చేస్తే ఆ డిస్క్ ఒకటిన్నర రోజులో నిండిపోయి, పాత దృశ్యాల మీదనే కొత్తవి రాసుకుంటూ పోతుంది. శనివారం రాత్రి పోయిన పెట్రోలు సంగతి సోమవారం సాయంత్రం గమనిస్తే చూసుకోవడానికి ఏమీ మిగలదు. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసే పద్ధతి పెడతామని వారు చెప్పవచ్చు గానీ, వీధి వైపు చూసే కెమెరాకు మీ సింగ్ నగర్ వీధుల్లో కదలిక లేని గంట ఎంత ఉంటుందో మీకే తెలుసు. అదే మూడు 2 మెగాపిక్సెల్ కెమెరాలను సెకనుకు 2 మెగాబిట్ల వద్ద ఉంచితే రోజుకు 65 జీబీ అవుతుంది. 1 టీబీ డిస్క్ పదిహేను రోజులు నిలుస్తుంది. సెకనుకు తీసే చిత్రాల సంఖ్యను 15కు తగ్గించి, దృశ్యాన్ని ఎక్కువగా కుదించే హెచ్.265 పద్ధతిలో 1 మెగాబిట్‌కు దించితే నెల రోజులు కూడా వస్తుంది. డిస్క్ ఒక్కదాని ధర రెండు మూడు కెమెరాల ధరతో సమానం కావచ్చు. అయినా బేరం ఆడవలసిన చోటు అది కాదు. నిఘా కెమెరాల కోసమే తయారైన డిస్క్ అడగండి. పాత కంప్యూటరు నుంచి తీసిన డిస్క్‌ను పెట్టనివ్వకండి.

ఇక మెగాపిక్సెళ్ళు. ఎక్కువ మెగాపిక్సెళ్ళు ఉంటే ముఖం స్పష్టంగా వస్తుందన్నది సగం నిజం. ముఖం గుర్తుపట్టగలగడం లెన్స్ మీద, దూరం మీద అంతకంటే ఎక్కువగా ఆధారపడుతుంది. మునుపు ఎరగని మనిషిని చిత్రంలో చూసి గుర్తించాలంటే ఆ మనిషి నిలబడిన చోట మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్ళు (చిత్రంలోని చుక్కలు) ఉండాలని నిఘా కెమెరాల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62676-4 2014 నాటి కూర్పు చెప్పింది. ముందే తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125 చాలు. మీ ఇరవై అడుగుల లెక్క ఇక్కడ పనికి వస్తుంది. దుకాణాల్లో సాధారణంగా బిగించే 2.8 మి.మీ. లెన్స్ సుమారు 100 డిగ్రీల వెడల్పు చూస్తుంది కాబట్టి ఆరు మీటర్ల దూరంలో పధ్నాలుగు మీటర్లకు పైగా వెడల్పు దృశ్యం పట్టుబడుతుంది. అడ్డంగా 2,592 పిక్సెళ్ళున్న 5 మెగాపిక్సెల్ కెమెరా అయినా అక్కడ మీటరుకు 180 పిక్సెళ్ళే ఇస్తుంది. అదే చోట 6 మి.మీ. లెన్స్ ఉన్న 2 మెగాపిక్సెల్ కెమెరాను పెడితే, అది చూసేది ఆరు మీటర్ల లోపు వెడల్పే అయినా, మీటరుకు 330 పిక్సెళ్ళ దాకా ఇస్తుంది. చవక కెమెరా ఖరీదైనదానికంటే బాగా ముఖం చూపించే సందర్భం ఇది. కాబట్టి గేటు కెమెరాకు 6 మి.మీ. లెన్స్ కావాలని పేరు పెట్టి అడగండి. దుకాణంలో చేతికందిన పెట్టె తెచ్చి బిగిస్తామంటే ఒప్పుకోకండి. పోర్టికోకు, డాబా తలుపుకు మాత్రం దగ్గరి దూరమే కనుక 2.8 మి.మీ. సరిపోతుంది.

గేటు కెమెరాను పోర్టికో స్తంభానికి ఎనిమిది, తొమ్మిది అడుగుల ఎత్తులో పెట్టించండి. అంతకంటే ఎత్తయితే టోపీలూ హెల్మెట్లూ తప్ప ముఖాలు కనబడవు. దించితే చేతికి అందుతుంది. గేటు పడమటి వైపు ఉన్నందున సాయంత్రం నాలుగున్నర తర్వాత సూర్యుడు వచ్చే మనిషి వెనక ఉంటాడు, ముఖం నల్లని మచ్చగా మారుతుంది. డబ్ల్యూడీఆర్ అనే ఏర్పాటు ఉన్న కెమెరా దీన్ని కొంతవరకు సరిచేస్తుంది. అది బడ్జెట్‌లో ఇమడకపోతే, కెమెరాను కొద్దిగా కిందికి వంచి, చిత్రం పైభాగంలో ఆకాశం పడకుండా చూడండి. పైసా ఖర్చు లేని ఈ మార్పు సగం బాధ తీరుస్తుంది.

రాత్రి చిత్రం గురించి ఒక మాట చెప్పాలి. మామూలు కెమెరాలు చీకట్లో ఇన్‌ఫ్రారెడ్ దీపాలతో నలుపు తెలుపు చిత్రం తీస్తాయి. ఆ దీపాల చుట్టూ పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీళ్ళు గూళ్ళు కడతాయి, గాలికి ఊగే ప్రతి దారమూ లెన్స్ ముందు తెల్లగా మెరుస్తుంది. మా ఇంట్లో పెట్టించిన మొదటి వర్షాకాలంలో నేను కెమెరా చెడిపోయిందనే అనుకుని బిగించిన మనిషిని పిలిపించాను. ఆయన జేబులోంచి పెయింటు బ్రష్షు తీసి రెండుసార్లు దులిపి, కాఫీ తాగి వెళ్ళారు. నెలకోసారి ఆ దులుపుడు మీ స్నేహితుడికి ముందే అలవాటు చేయండి. పోర్టికోలో ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు రాత్రంతా వెలిగితే ఇంకా మంచిది. పెట్రోలు తీసేవాడికి కెమెరాకంటే వెలుతురే ఎక్కువ అసౌకర్యం.

కేబుల్ దగ్గర మోసపోవడం తేలిక, ఎందుకంటే గోడలోకి వెళ్ళిపోయాక దాన్ని ఎవరూ చూడరు. డీవీఆర్ పద్ధతికి వాడేది త్రీ ప్లస్ వన్ కేబుల్; అందులో ఒక తీగ చిత్రాన్ని, పక్కనున్న సన్నని తీగలు 12 వోల్టుల కరెంటును మోస్తాయి. చవక రకాల్లో ఆ తీగలు రాగి కాక, రాగి పూత పూసిన అల్యూమినియంతో ఉంటాయి. దూరం పెరిగినకొద్దీ వోల్టేజీ పడిపోతుంది. పగలు చక్కగా పనిచేసిన కెమెరా రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలగగానే ఎక్కువ కరెంటు లాగి, చిత్రం వణకడమో ఆగిపోవడమో జరిగితే కారణం చాలాసార్లు ఇదే. పూర్తి రాగి తీగ అని బిల్లులో రాయించుకోండి. కెమెరా వెనక జాయింట్లు గోడమీద వేలాడకుండా ప్లాస్టిక్ పెట్టెల్లో ఉండాలి.

డీవీఆర్ ఎక్కడ పెట్టాలన్నది మీ స్నేహితుడి పేటలో మరీ ముఖ్యం. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు నీళ్ళు సింగ్ నగర్ ఇళ్ళలోకి వచ్చి రోజుల తరబడి నిలిచిన సంగతి మరిచిపోయేది కాదు. మెట్ల కింద మీటరు బోర్డు పక్కన పెడితే కేబుల్ తగ్గుతుందని బిగించేవారు అంటారు. వద్దనండి. పై వాటాలో, టీవీకి దూరంగా, తలకంటే ఎత్తయిన గోడ అర మీద గాలి తగిలేలా పెట్టించండి. టీవీ పక్కన ఉంటే దొంగ టీవీతోపాటు సాక్ష్యాన్నీ పట్టుకుపోతాడు. అటక మీద దాచుదామన్న ఆలోచన కూడా మంచిది కాదు. మే నెలలో శ్లాబు కింద అటక ఎంత కాగుతుందో బెజవాడ వారికి చెప్పనక్కరలేదు. మూడు కెమెరాలు, డీవీఆర్ కలిసి వాడేది 30 వాట్ల లోపే, అంటే నెలకు ఇరవై యూనిట్ల చిల్లర. కాబట్టి డీవీఆర్‌ను, కెమెరాలకు 12 వోల్టుల కరెంటు ఇచ్చే ఎస్సెంపీఎస్ పెట్టెను, ఇంటర్నెట్ రౌటరును మూడింటినీ ఉన్న ఇన్వర్టరు లైనుకే కలపండి. ఇన్వర్టరుకు యూపీఎస్ మోడ్ (కరెంటు పోగానే పరికరాలు ఆగకుండా మారే పద్ధతి) మీట ఉంటే దాన్ని వేసి ఉంచండి. దీనికి విడిగా ఖర్చు లేదు, అయినా అంచనాల్లో దీని ఊసు ఎక్కడా ఉండదు.

వైఫై కెమెరాల సంగతి: వాటికి చిత్రం తీగ అక్కరలేదు గానీ కరెంటు తీగ కావాలి కదా. మూడు చోట్లకు కరెంటు ఎలాగూ లాగుతున్నప్పుడు మిగిలేది తక్కువ. కాంక్రీటు గోడలు దాటి గేటు దాకా సిగ్నలు అందకపోతే పోయేది ఎక్కువ. సొంత ఇంటికి తీగ పద్ధతే నా ఓటు. నెట్‌వర్క్ కేబుల్ మీద పనిచేసే ఐపీ కెమెరాలు, వాటి రికార్డరు ఎన్వీఆర్ నిస్సందేహంగా మెరుగైనవే, కానీ ఈ బడ్జెట్‌లో వాటికోసం డిస్క్‌నో కేబుల్‌నో తగ్గించుకోవలసి వస్తుంది.

కొనేటప్పుడు మోడల్ నంబరు బిల్లులో వేయించుకుని, దానికి బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. కెమెరాలకు సైబర్ భద్రత పరీక్షలను తప్పనిసరి చేస్తూ కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ ఇచ్చిన నిబంధనలు 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లో ఉన్నాయి. మరీ చవకగా, పేరు లేని పెట్టెలో వచ్చే సరుకు అంత చవక ఎందుకయిందో అనుమానించడం మంచిది. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం ప్రపంచమంతటా లక్షలాది కెమెరాలను, రౌటర్లను వశపరచుకున్నది ఏ మాయతోనో కాదు. కంపెనీ పెట్టిన పాస్‌వర్డులను ఎవరూ మార్చకపోవడం వల్లనే.

పాస్‌వర్డు విషయంలో మీకు వ్యక్తిగతంగా చెప్పవలసింది ఒకటి ఉంది. ఇలాంటి పనుల్లో బిగించే కుర్రాడు తన ఫోన్లోని యాప్‌లోనే క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, "పని అయిపోయింది సార్" అని చూపిస్తాడు. అప్పుడు డీవీఆర్ అతని ఖాతాకు చేరుతుంది. లేదా పెద్దరికంతో అన్నీ చూసుకున్నారు కనుక మీ ఫోనుకే చేరుతుంది. రెండూ వద్దు. మీ స్నేహితుడి ఫోన్లో, అతని ఖాతాతో చేర్పించి, కొత్త పాస్‌వర్డు అతనిచేతనే పెట్టించి, కాగితం మీద రాయించి ఇంటి దస్తావేజులతోపాటు ఉంచమనండి. అవతలివారి ఇంట్లో ఆడవాళ్ళు ఎప్పుడు వచ్చి ఎప్పుడు వెళ్ళారో మన ఫోన్లో కనబడుతుండటం ఎంత స్నేహంలోనైనా తగదు. అద్దెవారి సంగతీ అంతే: పోర్టికో కెమెరా వారి తలుపు లోపలికి, కిటికీలోకి చూడకూడదు. డీవీఆర్‌లో ప్రైవసీ మాస్క్ అన్న ఏర్పాటుతో ఆ భాగాన్ని నల్లగా కప్పేయవచ్చు. కెమెరాలు బిగించే ముందే వారికి చెప్పడం మరవకండి.

చివరిగా, డీవీఆర్ గడియారం. తేదీ తప్పుగా ఉన్న రికార్డింగు పోలీసుల దగ్గర చిక్కులు తెస్తుంది. ఇంటర్నెట్ ద్వారా సమయం సరిచేసుకునే ఎన్‌టీపీ ఏర్పాటు వేయించండి. ఏదైనా జరిగిననాడు దృశ్యాన్ని ఫోన్‌తో తెరమీంచి తీసి వాట్సాప్‌లో పంపి ఊరుకోకుండా, డీవీఆర్ నుంచి నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి భద్రపరచాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టుకు ఇచ్చేటప్పుడు ధ్రువపత్రం జతచేయవలసి ఉంటుంది. అసలు డీవీఆర్, డిస్క్ చెక్కుచెదరకుండా ఉంటే ఆ పని సులువవుతుంది.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో అద్దె వాటాలో ఉంటున్నాము. గోడలకు రంధ్రాలు చేయడానికి ఇంటివారు ఒప్పుకోరు. వేసవిలో పదిహేను రోజులు ఊరు వెళుతున్నాము. ఏం చేయవచ్చు?
– ఒక గృహిణి, గుంటూరు

సమాధానం: పై పాఠకుడికి వద్దన్న వైఫై కెమెరా మీకు సరైనది. తలుపు లోపలి వైపు, గుమ్మానికి ఎదురుగా ఏదైనా బీరువా మీద పెట్టి, రికార్డింగు ఎక్కువగా తట్టుకునే రకం 128 జీబీ మెమరీ కార్డు వేయండి; సెకనుకు 1 మెగాబిట్ చొప్పున పన్నెండు రోజుల వరకు నిలుస్తుంది. కెమెరాను ఎత్తుకుపోతే కార్డూ పోతుంది కాబట్టి మనిషి కదలగానే ఫోనుకు హెచ్చరిక వచ్చేలా పెట్టుకోండి. రౌటరు ఆగిపోతే ఆ హెచ్చరికా ఆగుతుంది. దానికి చిన్న యూపీఎస్ ఒకటి తగిలించండి. ఇంతకంటే ముందు మీ పరిధిలోని పోలీసు స్టేషనుకు వెళ్ళి ఎల్‌హెచ్‌ఎంఎస్ గురించి అడగండి. తాళం వేసిన ఇళ్ళపై నిఘా కోసం ఆంధ్రప్రదేశ్ పోలీసులు తెచ్చిన ఈ ఏర్పాటులో, ముందుగా తెలియజేసిన వారి ఇంట్లో పోలీసులే కెమెరా అమర్చుతారు, దానికి రుసుము లేదు. ప్రయాణం నాటి ఉదయం కాక, రెండు మూడు రోజుల ముందే వెళ్ళండి.