చిగుళ్లు బాగుచేయించుకుంటే కీళ్లవాతం తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 46. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌కు వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటున్నాను. ఈమధ్య పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. చిగుళ్ల జబ్బుకూ కీళ్లవాతానికీ సంబంధం ఉందని, క్లీనింగ్ చేయించుకోమని డెంటిస్టు అంటున్నారు. చేయిస్తే పళ్లు కదిలిపోతాయని మా అత్తగారి భయం. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, కరీంనగర్

జవాబు: మీ డెంటిస్టు చెప్పింది గాలిమాట కాదమ్మా. పంటికీ చిగురుకీ మధ్య సందులో పేరుకునే పాచిలో పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. దాని దగ్గరున్న ఒక ఎంజైము ప్రొటీన్లలోని ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని సిట్రులిన్ అనే మరో రూపంలోకి మార్చేస్తుంది. అలా రూపు మారిన ప్రొటీన్‌ను కొందరి రోగనిరోధక వ్యవస్థ పరాయిదనుకుని యాంటీబాడీలు తయారుచేస్తుంది. జబ్బు నిర్ధారించేటప్పుడు మీకు యాంటీ-సీసీపీ పరీక్ష చేయించే ఉంటారు. అందులో వెతికేది ఇలాంటి యాంటీబాడీలనే. చాలామందికి కీళ్లు నొప్పి పెట్టడానికి కొన్నేళ్ల ముందే ఇవి రక్తంలో కనిపిస్తాయి. అంటే గొడవ కీళ్లలో కాకుండా ఇంకెక్కడో మొదలై ఉండాలి. ఆ అనుమానం నోటి మీదికి వెళ్లింది అందుకే. 2016లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు మరో చిగుళ్ల బ్యాక్టీరియానూ పట్టుకున్నారు. అది తెల్ల రక్తకణాలకు చిల్లులు పొడుస్తుంది, ఆ దెబ్బకు కణంలోని ప్రొటీన్లే ఇలా మారిపోతాయి.

అంతమాత్రాన మీ కీళ్లవాతం చిగుళ్ల వల్లే వచ్చిందని చెప్పలేం. జన్యువులు, పొగతాగడం వంటివీ ఇందులో ఉన్నాయి. చిగుళ్లు పాడైన వాళ్లలో ఎక్కువమందికి ఈ జబ్బు రానే రాదు. చిగుళ్ల చికిత్స తర్వాత కీళ్ల వాపు కొంత తగ్గినట్టు చిన్న అధ్యయనాలు కొన్ని చెబుతున్నాయి. తగ్గితే మంచిదే. కానీ నొప్పి తగ్గింది కదా అని మెథోట్రెక్సేట్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

ఇక అత్తగారి భయం. పళ్లు వదులయ్యేది క్లీనింగ్ వల్ల కాదు, ముదిరిన చిగుళ్ల జబ్బుకు పంటి చుట్టూ ఉన్న ఎముక కరిగిపోవడం వల్ల. గార తీసేశాక దాని వెనక దాక్కున్న సందులు బయటపడతాయి, కొన్నాళ్లు చల్లనీళ్లకు జివ్వుమంటుంది. దాన్ని చూసే అందరూ క్లీనింగ్‌ను తిడతారు! నిరభ్యంతరంగా చేయించుకోండి. వాడే మందులన్నీ, ముఖ్యంగా స్టెరాయిడ్లు, బయోలాజిక్ ఇంజెక్షన్లు (రోగనిరోధక వ్యవస్థ జోరు తగ్గించేవి) ఉంటే, డెంటిస్టుకు ముందే చెప్పండి. మామూలు క్లీనింగ్‌కు మెథోట్రెక్సేట్ ఆపాల్సిన పని సాధారణంగా ఉండదు. షుగర్ పరీక్ష కూడా చేయించండి, అది ఎక్కువగా ఉంటే చిగుళ్లు ఓ పట్టాన మానవు.

పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి బ్రష్ పట్టు దొరకట్లేదా? పిడికి గుడ్డ చుట్టి లావుగా చేసుకోండి, లేదా బ్యాటరీ బ్రష్ వాడండి. నోట్లో పుళ్లు వస్తున్నా, నోరు ఎండిపోతున్నా మీ రుమటాలజిస్టుకు చెప్పండి. పుళ్లు మెథోట్రెక్సేట్ వల్ల కావచ్చు. నోరు ఎండటం కీళ్లవాతంతో పాటు వచ్చే షోగ్రెన్స్ అనే జబ్బు వల్ల కావచ్చు.