టెక్ సందేహాలు: తక్కువ బడ్జెట్‌లో ఎయిర్ పిస్టల్

ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలకు అలవాటు పడ్డ నాకు ఈసారి ఎయిర్ పిస్టల్ మీద వరసగా ఆరు ప్రశ్నలొచ్చాయి. "ఇది గ్యాడ్జెట్ కిందికి వస్తుందో రాదో, ఏమనుకోకండి" అని ఒకరు ముందే సర్దిచెప్పుకున్నారు. ఎందుకు రాదు? కొన్ని రకాల లోపల ప్రెజర్ రెగ్యులేటర్ ఉంటుంది. కొన్నింటిలో సర్క్యూట్ బోర్డు, బ్యాటరీ కూడా ఉంటాయి. ప్రాక్టీసుకు సెన్సర్లు, సాఫ్ట్‌వేర్ వేరే. పైగా 10 మీటర్ల షూటింగ్ రేంజ్‌లో నిలబడి టార్గెట్ మీద పదిని తప్ప మిగతా అంకెలన్నిటినీ నిలకడగా కొట్టే అనుభవం నాకు కొన్నేళ్లుగా ఉంది. కొనేముందు మీరుండే చోట లైసెన్స్, వయసు నిబంధనలు ఏమున్నాయో కనుక్కోండి. దేశాన్ని బట్టి అవి పూర్తిగా మారిపోతాయి.

ప్రశ్న: 10 మీటర్ల షూటింగ్ నేర్చుకోవాలని ఉంది. డబ్బు తక్కువ. మూడు పిస్టళ్లు చూసి పెట్టుకున్నాను. ఒకటి స్ప్రింగుది, వేగం చాలా ఎక్కువట. రెండోది సీవోటూ (కార్బన్ డయాక్సైడ్) గ్యాస్‌ది. మూడోది లీవర్ ఒకసారి నొక్కితే గాలి నిండేది, కానీ పాత మోడల్‌లా ఉంది. ఏది తీసుకోను?

మూడోది తీసుకోండి. ఎందుకో చెబుతాను.

ఫోన్ డబ్బా మీద మెగాపిక్సెళ్లు ఎంత పెద్ద అక్షరాలతో వేస్తారో, పిస్టల్ డబ్బా మీద వేగాన్నీ అంతే పెద్దగా వేస్తారు. 10 మీటర్లకు దాంతో పనేం లేదు. ఒలింపిక్స్‌లో వాడే పిస్టళ్ల నుంచి కూడా పెల్లెట్ (చిన్న సీసం గుండు) సెకనుకు సుమారు 150 మీటర్ల వేగంతోనే బయటికొస్తుంది. సెకనులో పదిహేనో వంతులో టార్గెట్ కార్డు చేరుతుంది. కాగితానికి చిల్లు పెట్టడానికి అది చాలదా?

స్ప్రింగు పిస్టల్‌లో ఆ వేగానికి వేరే ఖర్చుంది. ట్రిగ్గర్ నొక్కగానే లోపల బరువైన పిస్టన్ ఒక్కసారిగా ముందుకు దూకి ఆగుతుంది. పెల్లెట్ ఇంకా బ్యారెల్‌లో ఉండగానే పిస్టల్ మొదట వెనక్కి, ఆ వెంటనే ముందుకు కుదుపు తింటుంది. షాట్ పక్కకు పోతే తప్పు మీ వేలిదా, ఆ కుదుపుదా అనేది తెలియదు. నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా నష్టం లేదు. పైగా పెల్లెట్ లేకుండా దాన్ని ఉత్తినే పేల్చకూడదు. ఎదురు గాలి ఒత్తిడి లేక పిస్టన్ వెళ్లి నేరుగా ఇనుముకు కొట్టుకుంటుంది. అంటే ఇంట్లో డ్రై ప్రాక్టీసుకు వీల్లేనట్టే.

సీవోటూ పిస్టల్‌కు కుదుపు ఉండదు, చేతికి హాయిగానే ఉంటుంది. కానీ ఇది ప్రింటరు, ఇంకు కథ. పిస్టల్ చవకే, 12 గ్రాముల గ్యాస్ గుళికలు మాత్రం కొంటూనే ఉండాలి. పైగా ఈ గ్యాస్ ఒత్తిడి వేడిని బట్టి మారుతుంది. 20 డిగ్రీల దగ్గర సుమారు 57 బార్ ఉండేది సున్నా డిగ్రీలకు 35 దగ్గరికి పడిపోతుంది. గబగబా పేలిస్తే గుళిక తానే చల్లబడి, ఎవరూ గురి మార్చకుండానే షాట్లు కిందికి దిగడం మొదలవుతుంది.

ఇక మీ పాత మోడల్. లీవర్‌ను ఒకసారి తెరిచి మూస్తే ఒక షాట్‌కు సరిపడా గాలి నిండుతుంది. ప్రతిసారీ అంతే గాలి కాబట్టి వేగంలో తేడా దాదాపు ఉండదు. బయట సిలిండర్ అక్కర్లేదు, గ్యాస్ అక్కర్లేదు, కుదుపూ నామమాత్రమే. రష్యాలో తయారైన బైకాల్ ఐజెడ్‌హెచ్-46ఎం ఈ రకానిదే. చూడ్డానికి కుళాయి పైపులా ఉంటుంది గానీ తక్కువ డబ్బుతో మొదలుపెట్టిన ఎంతోమందికి అదే మొదటి పిస్టల్. కష్టం ఒకటే, మ్యాచ్ అంటే 60 షాట్లు, అంటే 60 సార్లు లీవర్ లాగాలి. మొదటి వారం భుజం పట్టేస్తుంది.

పెద్ద పోటీల్లో దాదాపు అందరూ వాడేది 200 బార్ వరకు గాలి నింపిన సిలిండర్ ఉండే పిస్టల్. తిరుగులేదు. కానీ దానికి పంపో పెద్ద ట్యాంకో కూడా కావాలి. ఆ లెక్క ముందు వేసుకోకుండా పిస్టల్ ఒక్కటే కొనుక్కుని ఇంటికెళ్లినవాళ్లున్నారు. అందులో నేనూ ఒకణ్ని.

డబ్బు నిజంగా పెట్టాల్సింది ట్రిగ్గర్ మీద, గ్రిప్ (చేతిపిడి) మీద. ఒక చిన్న లెక్క చూడండి. కార్డు మీద 10 పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. చేయి వణికి పిస్టల్ మొత్తం అటూ ఇటూ ఒక సెంటీమీటరు జరిగింది అనుకోండి, సైట్లు (గురి చూసే ముందు మొన, వెనక గాడి) మాత్రం ఒకదానికొకటి సరిగ్గానే ఉన్నాయి. షాట్ కూడా ఒక సెంటీమీటరే జరుగుతుంది, 9 వస్తుంది. అదే చేయి కదలకుండా, వేలు ట్రిగ్గర్‌ను పక్కకు లాగడం వల్ల ఫ్రంట్ సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు తిరిగితే? రెండు సైట్ల మధ్య 33 సెంటీమీటర్ల దూరం ఉన్న పిస్టల్‌లో ఆ ఒక్క మిల్లీమీటరు కార్డు దగ్గర 30 అవుతుంది. 7తో సరిపెట్టుకోవాలి. చేతి వణుకు కన్నా వేలి తొందర ఎంత చెరుపు చేస్తుందో ఇందులోనే ఉంది.

అందుకే ట్రిగ్గర్ రెండు దశలుగా పనిచేస్తుందో లేదో చూడండి. మొదట వేలు తేలిగ్గా కొంత దూరం వెళ్లి, గోడకు తగిలినట్టు ఆగాలి. అక్కడి నుంచి కాస్త ఒత్తిడి పెంచితే ఎప్పుడు విడిపోయిందో తెలియనంత మెత్తగా విడిపోవాలి. ఇసుక మీద కాలు ఈడ్చినట్టు గరగరలాడితే పెట్టెలో పెట్టి తిరిగిచ్చేయండి. పోటీ నిబంధన ప్రకారం ట్రిగ్గర్ బరువు, అంటే దాన్ని లాగడానికి పట్టే బలం, కనీసం 500 గ్రాములుండాలి. ఆ బరువును తగిలించి పైకెత్తినా ట్రిగ్గర్ విడిపోకూడదు.

గ్రిప్ పరీక్షకు ఏ పరికరమూ అక్కర్లేదు. పిస్టల్ ఖాళీగా ఉందని మీరే తెరిచి చూసుకుని, సురక్షితమైన దిక్కుకు తిప్పి, కళ్లు మూసుకుని చేయి చాచండి. మణికట్టును సర్దకుండా అలాగే ఉంచి కళ్లు తెరవండి. వెనక సైట్ గాడి మధ్యలో ఫ్రంట్ సైట్ కనిపిస్తే ఆ గ్రిప్ మీదే. ఐదుసార్లకు ఐదుసార్లూ ఎడమకే కనిపిస్తే అది మీ చేతి తప్పు కాదు, చెక్క తప్పు. చెక్కను ఆకురాయితో కొంచెం అరగదీయొచ్చు, తక్కువైన చోట పుట్టీ పెట్టొచ్చు. నా గ్రిప్‌కు చూపుడువేలి కింద పెట్టిన పుట్టీ ముద్ద చూసి మా రేంజ్‌లో కుర్రాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

పెల్లెట్లు 4.5 మిల్లీమీటర్లవి, ముందుభాగం చదునుగా ఉన్నవి తీసుకోండి. కార్డు మీద గుండ్రంగా కోసినట్టు చిల్లు పడుతుంది, స్కోరు చూడ్డానికి గొడవ ఉండదు. అవి సీసంతో చేసినవి, ప్రాక్టీసు అవగానే చేతులు కడుక్కోవాలి.

ప్రశ్న: సిలిండర్ ఉండే మ్యాచ్ పిస్టల్ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది. కొత్త చవక పిస్టల్ కన్నా అది నయం కాదా?

నయమే, సిలిండర్ బాగుంటే. సిలిండర్ మీద తయారీ తేదీ ముద్ర ఉంటుంది. పోటీల్లో 10 ఏళ్లు దాటిన సిలిండర్‌ను అనుమతించరు. పిస్టల్ నిగనిగలాడుతున్నా సిలిండర్ గడువు రేపో మాపో తీరేలా ఉంటే కొత్త సిలిండర్ ఖర్చును ధరలో కలిపి చూసుకోండి. అది చిన్న ఖర్చు కాదు.

తర్వాత గాలి నింపించి, మీటర్‌లో ముల్లు ఎక్కడుందో ఫొటో తీసుకుని, రాత్రంతా వదిలేయండి. పొద్దున్న ముల్లు దిగిపోయి ఉంటే లీకు ఉన్నట్టే. చాలాసార్లు అది ఒక రబ్బరు రింగు ఖర్చుతో పోతుంది. నేను ఈ పరీక్ష చేయకుండా ఒకటి కొన్నాను. అమ్మినాయన మాట మీద నమ్మకం అంత. మొదటి వారం రోజుకోసారి గాలి నింపుతూ, లోపం నా పంపుదేమో అనుకున్నాను.

కంపెనీ ఆ మోడల్‌కు విడిభాగాలు ఇంకా ఇస్తోందో లేదో కూడా అడగండి. ఎంత మంచి పిస్టలైనా ఏదో ఒకరోజు మొరాయిస్తుంది. టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫికేషన్‌లో మనూ భాకర్ పిస్టల్ మధ్యలోనే పాడై, దాన్ని బాగుచేయించుకునేలోపు విలువైన నిమిషాలు పోయాయి. ఫైనల్‌కు చేరలేకపోయింది. 2024లో పారిస్‌లో అదే క్రీడాకారిణి రెండు కాంస్యాలు తెచ్చింది.

ప్రశ్న: నాదీ తక్కువ బడ్జెట్టే. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ఉన్నది కొంటే మేలా?

బడ్జెట్ తక్కువని మీరే రాశారు, కాబట్టి వద్దు. మోరినీ లాంటి కంపెనీల ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ చాలా శుభ్రంగా విడిపోతుంది, నిజమే. కానీ మంచి మెకానికల్ ట్రిగ్గర్‌తో దానికున్న తేడాను గుర్తుపట్టే వేలు తయారవడానికే కొన్నేళ్లు పడుతుంది. ఆలోపు మీరు పట్టించుకోవాల్సిన బ్యాటరీ ఇంకోటి ఎందుకు?

ప్రశ్న: స్కాట్ లాంటి ట్రైనింగ్ సెన్సర్ కొనే స్థోమత లేదు. ఫోన్‌తో ఏమైనా చేయొచ్చా?

చాలా చేయొచ్చు. స్కాట్ సెన్సర్ బ్యారెల్ ఎటు కదిలిందో గీత గీసి కంప్యూటర్‌లో చూపిస్తుంది. గొప్ప పరికరమే. దాంట్లో సగం సంగతి మీ ఫోన్ స్లో మోషన్ చెప్పేస్తుంది.

ఫోన్‌ను ట్రైపాడ్ మీద మీ పక్కన పెట్టండి, ఎప్పుడూ పిస్టల్ ముందు మాత్రం కాదు. సెకనుకు 240 ఫ్రేములు పెట్టుకుంటే ఒక్కో ఫ్రేమ్ సుమారు 4 మిల్లీసెకన్లు. ఫ్రేమ్‌లో వేలు, బ్యారెల్ కొస రెండూ కనబడాలి. డ్రై ఫైర్ మోడ్‌లో, అంటే పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ ఒక్కటే పనిచేసేలా పెట్టి, పది షాట్లు తీసి ఒక్కో ఫ్రేమ్ జరుపుకుంటూ చూడండి. నా మొదటి వీడియోలో వేలు కదలకముందే మణికట్టు కిందికి వంగడం కనబడింది. అప్పటిదాకా సైట్ సెట్టింగ్ తప్పని దాన్నే తిప్పుతూ కూర్చున్నాను.

ఇంకోటి, దీనికి ఫోన్ కూడా అక్కర్లేదు. టార్గెట్ లేని తెల్లగోడ వైపు పిస్టల్ పెట్టి, ఫ్రంట్ సైట్‌నే చూస్తూ డ్రై ఫైర్ చేయండి. ట్రిగ్గర్ విడిపోయిన క్షణంలో సైట్ కదిలిందా లేదా అంతే చూడాలి. పెల్లెట్ల డబ్బా అప్పుడు వేరే గదిలో ఉండాలి.

ప్రశ్న: మావాడు నిజం తుపాకీలా ఉండే స్టీల్ బీబీ (చిన్న గుండ్రటి గుండ్ల) పిస్టల్ అడుగుతున్నాడు. అన్నిటికన్నా చవక. ప్రాక్టీసుకు పనికొస్తుందా?

రాదు. చాలావాటిలో బ్యారెల్ లోపల గుండును తిప్పే మెలికల గాడులు ఉండవు, గుండు ఎటు పోతుందో దానికే తెలియదు. సీసం పెల్లెట్ గట్టి చోట తగిలితే నలిగిపోతుంది, స్టీల్ గుండు ఎగిరి వెనక్కొస్తుంది. రక్షణ కళ్లద్దాలు లేకుండా దాన్ని ముట్టుకోనివ్వొద్దు. వీధిలో చూసేవాళ్లకు, పోలీసులకు కూడా అది అసలు తుపాకీలాగే కనబడుతుంది. మీవాడితో ఆ మాట తప్పక చెప్పండి.

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. ఫ్రంట్ సైట్ మసకగా కనిపిస్తోంది. ప్రత్యేకమైన షూటింగ్ కళ్లద్దాలు తప్పనిసరా?

తప్పనిసరి కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ టీమ్‌లో వెండి పతకం గెలిచిన టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్‌కు అప్పటికి 51 ఏళ్లు. మామూలు కళ్లద్దాలు, చెవుల్లో ఇయర్ ప్లగ్‌లు, ఒక చేయి జేబులో. ఆ ఫొటో మీ ఫోన్‌కూ వచ్చే ఉంటుంది.

కాకపోతే మామూలు కళ్లద్దాల్లోనూ నంబరు సరిపోవాలి. షూటింగ్‌లో స్పష్టంగా కనబడాల్సింది టార్గెట్ కాదు, ఫ్రంట్ సైట్. నల్ల వృత్తం కొంచెం మసకగా ఉన్నా నష్టం లేదు. మీకు దగ్గర చూపు అద్దాలు ఉంటే వాటి నంబరు చదువుకునే దూరానికి సరిపడేది, ఫ్రంట్ సైట్ దానికంటే చాలా దూరంలో ఉంటుంది. ఖాళీ పిస్టల్‌తో షూటింగ్ భంగిమలో నిలబడి, మీ కంటి నుంచి ఫ్రంట్ సైట్ దాకా ఎంతుందో ఇంట్లో ఎవరితోనైనా టేపుతో కొలిపించండి. ఆ సెంటీమీటర్ల లెక్క కాగితం మీద రాసుకుని కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పిస్టల్ మాత్రం ఇంట్లోనే పెట్టి వెళ్లండి.