గామా మెరుపు జాడ

ప్రశ్న: మాస్టారూ, గామా కిరణాలు మామూలు అద్దానికీ, కటకానికీ లొంగవంటారు. మరి అంతరిక్ష టెలిస్కోపులు ఆకాశంలో వాటిని చిమ్మే విస్ఫోటం చోటును ఎలా కనిపెడతాయి? రాయగడలో ట్యూషన్ పిల్లలు నన్ను నిలదీస్తున్నారు.
– ఒక ఉపాధ్యాయురాలు, రాయగడ

జవాబు: పిల్లలు గట్టివాళ్లేనమ్మా! బరంపురం కాలేజీలో నన్నెవరూ ఇలా నిలదీయలేదు.

ప్రతిబింబం కుదరకపోతే నీడను చదువుతారు. 2004లో నాసా పంపిన స్విఫ్ట్ ఉపగ్రహంలో, కిరణాలను పసిగట్టే డిటెక్టర్లకు మీటరు ఎత్తున సుమారు 52,000 సీసపు బిళ్లలు చెల్లాచెదురుగా అమర్చారు. మీ ఇంటి జాలీ కిటికీ నీడ నేల మీద ఎక్కడ పడిందో చూసి సూర్యుడెటున్నాడో చెప్పరూ? అదే పని కంప్యూటర్ చేస్తుంది. కొన్ని ఆర్క్ నిమిషాల (ఆర్క్ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు) తేడాతో చోటు తెలుస్తుంది. వెంటనే ఉపగ్రహం తనంతట తానే అటు తిరిగి, ఆరిపోతున్న ఎక్స్-రే వెలుగును ఇంకా సూక్ష్మంగా గురిచూస్తుంది.

2008 నాటి ఫెర్మీ ఉపగ్రహం దారి మోటుది: వేర్వేరు దిక్కులు చూసే 12 సోడియం అయొడైడ్ డిటెక్టర్లలో దేనికెంత తగిలిందో పోలుస్తుంది. చాలాసార్లు కొన్ని డిగ్రీల తేడా వస్తుంది. నిండు చంద్రుడి వెడల్పే అర డిగ్రీ మరి!

నాకు ముచ్చటైనది మూడో పద్ధతి. దూరదూరంగా ఉన్న ఉపగ్రహాలకు మెరుపు ఒకేసారి చేరదు. రెండింటి మధ్య కాలం తేడా ఆకాశంలో ఒక వలయాన్నిస్తుంది, మూడోది తోడైతే వలయాలు ఖండించుకుంటాయి. అణుపరీక్షల మీద నిఘాకు అమెరికా ఎగరేసిన వేలా ఉపగ్రహాలు 1967లో తొలి మెరుపును పట్టాయి. ఆ మెరుపులు భూమివీ సూర్యుడివీ కావని ఈ లెక్కతోనే తేల్చి, 1973లో ప్రకటించారు.

2015లో శ్రీహరికోట నుంచి వెళ్లిన మన ఆస్ట్రోశాట్‌లోనూ నీడల పరికరముంది. అక్కడ నీడనిచ్చేది సీసం కాదు, టాంటలం అనే లోహం.