ఫ్రేమ్ అగ్గువే, ముందు నీ కొలత చూసుకో

ప్రశ్న: అన్నా, నమస్తే. హన్మకొండలో ప్రైవేటు ఉద్యోగం, చేతికి 42 వేలు వస్తాయి. ఇంటి ఖర్చు 28 వేలు, చిట్టీ 5 వేలు, బ్యాంకులో 60 వేలు ఉన్నాయి. భార్య, మూడేళ్ల పాప. కాజీపేటలో రైల్వేలో రిటైరైన ఒకాయన దగ్గర 1980ల నాటి ర్యాలీ రోడ్ సైకిల్ ఉంది, వాళ్ల తమ్ముడు ఇంగ్లండ్ నుంచి తెచ్చాడట. రేనాల్డ్స్ 531 (పేరున్న ఉక్కు గొట్టాల రకం) స్టిక్కర్ ఉంది, సైజు 56 అంటున్నారు. రిమ్‌లు తుప్పు పట్టాయి, గేర్లు పనిచేయవు. 9 వేలు అడుగుతున్నారు. పెయింట్, క్రోమ్, చక్రాలు, గేర్లు కలిపి మెకానిక్ ఇంకో 34 వేలు అవుతుందన్నాడు. నా ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. లక్ష రూపాయల చిట్టీలో ఇది ఆరో నెల. పాట పాడి ఎత్తుకోవాలా, క్రెడిట్ కార్డు ఈఎంఐ పెట్టాలా? హైదరాబాద్ నుంచి ఇంకో పార్టీ ఆదివారం వస్తోందని తొందర పెడుతున్నారు. రామప్ప దాకా తొక్కాలని నా కోరిక.

జవాబు: తమ్ముడూ, పైసలు ఎక్కడి నుంచి తేవాలని అడిగావు గానీ, ఆ సైకిల్ నీ ఒంటికి సరిపోతుందా లేదా అన్నది నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. నా లెక్కలో ముందు తేలాల్సింది అదే. ఎందుకంటే సరిపోని ఫ్రేమ్ మీద పెట్టిన 34 వేలు ఎంత తక్కువ వడ్డీకి తెచ్చినా పోయిన పైసలే. సరిపోయే ఫ్రేమ్ అయితే మాత్రం, నీ జీతంలోనే, అప్పు లేకుండా, మెల్లగా అయిపోయే పని ఇది.

సైజు 56 అన్నారు కదా, ఎక్కడి నుంచి ఎక్కడికి 56 అని అడుగు. పెడల్ ఇరుసు మధ్య నుంచి సీటు గొట్టం పైకొస దాకా కొలిచేవాళ్లు కొందరు, పై అడ్డగొట్టం మధ్య వరకే కొలిచేవాళ్లు ఇంకొందరు. రెండింటికీ సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల తేడా వస్తుంది. వాళ్ల మాట మీద, స్టిక్కర్ మీద ఆధారపడకుండా నువ్వే టేపు పట్టుకుని వెళ్లు. తర్వాత నీ కొలత. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, రెండు కాళ్ల మధ్య ఒక గట్టి అట్ట పుస్తకాన్ని సీటు తగిలినంత గట్టిగా పైకి నొక్కి పట్టుకో. నేల నుంచి ఆ పుస్తకం పైఅంచు దాకా ఇంట్లో ఎవరితోనైనా కొలిపించు. ఎత్తు చూసి సైజు చెప్పేస్తారు చాలామంది, కానీ ఒకే ఎత్తున్న ఇద్దరికి కాళ్ల పొడవులో మూడు నాలుగు సెంటీమీటర్ల తేడా మామూలే. అందుకే 5 అడుగుల 6 అంగుళాలు అన్న ఒక్క మాటతో నేను అవునని గానీ కాదని గానీ చెప్పలేను.

పాత రోడ్ సైకిళ్లకు ఎప్పటి నుంచో వాడుతున్న లెక్క ఒకటుంది. ఆ కాలి కొలతను 0.65తో, 0.67తో గుణిస్తే, ఇరుసు మధ్య నుంచి అడ్డగొట్టం మధ్య దాకా ఉండాల్సిన సైజు ఆ రెండింటి నడుమ వస్తుంది. నీ కొలత 78 సెంటీమీటర్లు వచ్చిందనుకో, నీకు కావాల్సింది 51, 52 సైజు. వాళ్లు చెప్పే 56 పైకొస దాకా కొలిచినదే అయినా మధ్య దాకా 54న్నర అవుతుంది, అంటే నీకు పెద్దదే. మధ్య దాకానే 56 అయితే ఇక ఆలోచించాల్సిన పని లేదు, వదిలెయ్. అదే నీ కాళ్లు పొడుగై 82 వచ్చాయనుకో, 53 నుంచి 55 దాకా నీ సైజే, ఆ ఫ్రేమ్ నీకు కుదిరే అవకాశం గట్టిగా ఉంది. ఈ లెక్క దారి చూపిస్తుంది అంతే, తీర్పు మాత్రం సైకిల్ మీద నిలబడితేనే తెలుస్తుంది. తుప్పు రిమ్‌లైనా సరే చక్రాలు పెట్టించి, టైర్లలో గాలి కొట్టించి, నువ్వు తొక్కేటప్పుడు వేసుకునే బూట్లతో అడ్డగొట్టానికి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడు. కనీసం రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ లేకపోతే, ములుగు రోడ్డు మీద ఒక్కసారిగా బ్రేకేసి దిగాల్సి వచ్చిన రోజు నీకు దెబ్బ తగులుతుంది.

ఎత్తు ఒక్కటే చూసి ఊరుకోవద్దు, పొడవు ఇంకా ముఖ్యం. 56 సైజు పాత ఫ్రేముల్లో అడ్డగొట్టం కూడా దాదాపు అంతే పొడుగు ఉంటుంది. సీటు మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకుంటే మోచేతులు కొంచెం వంగి ఉండాలి, భుజాలు చెవుల్లోకి ఎక్కకూడదు. ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా అయితే చిన్న స్టెమ్ (హ్యాండిల్‌ను ఫ్రేమ్‌కు కలిపే ముక్క) వేసి సర్దుకోవచ్చు, అంతకు మించితే బండి నడిచే తీరే మారిపోతుంది. సీటు ముందుకు జరిపి హ్యాండిల్ దగ్గర చేసుకోవడం మాత్రం చేయకు, దాని బాకీ మోకాళ్లు తీరుస్తాయి. రామప్పకు పోను రాను నూట ముప్పై కిలోమీటర్లు పడుతుంది, చౌరస్తా దాకా సరదాగా తిరిగి రావడం వేరు, ఇది వేరు.

అక్కడే ఉండగా ఇంకో నాలుగు చూడు, ఒక్కదానికీ రూపాయి ఖర్చు లేదు. సీటు గొట్టం లోపలి పైపు, హ్యాండిల్ స్టెమ్ రెండూ వదులు చేస్తే కదలాలి. ఏళ్లకేళ్లు గ్రీజు లేక పట్టేసి ఉంటే నీ కొలతకు సర్దే దారే ఉండదు, తీయించబోతే ఫ్రేమే పాడవచ్చు. హ్యాండిల్ వెనక, కింది గొట్టం అడుగున వేలితో రాసి చూడు. అలలా ముడత గానీ, పెయింట్ అడ్డంగా పగిలిన గీత గానీ తగిలితే ఎక్కడో ముందు నుంచి గుద్దుకున్న బండి అని అర్థం. ఇరుసు చుట్టూ, సీటు దగ్గరి అతుకుల్లో పగుళ్లున్నాయేమో చూడు. తర్వాత వెనక చక్రం తీసేసి, అది కూర్చునే చోట ఒక పక్క దారం కట్టి, ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి రెండో పక్కకు లాగి కట్టు. సీటు గొట్టానికి ఇటువైపు, అటువైపు ఖాళీ సమానంగా ఉంటే ఫ్రేమ్ తిన్నగా ఉన్నట్టు. వెనక చక్రం కూర్చునే చోటు లోపలి వెడల్పు కూడా రాసుకో. ఆ కాలపు ఆరేడు గేర్ల సైకిళ్లలో సాధారణంగా 126 మిల్లీమీటర్లు ఉంటుంది, తర్వాత వచ్చిన రోడ్ చక్రాలకు 130 కావాలి. ఉక్కు కాబట్టి తెలిసినవాళ్లు చేస్తే కొంచెం వెడల్పు చేయొచ్చు, కానీ అది ఇంకో ఖర్చు, మెకానిక్ చెప్పిన 34 వేలలో ఉందో లేదో అడుగు.

ఇప్పుడు పైసల సంగతి. నీ చిట్టీ లక్షది, నెలకు 5 వేలంటే 20 మంది. ఆరో నెలలో 28 వేలు తగ్గించి పాడావనుకుందాం, చేతికి 72 వేలు వస్తుంది. చివరిదాకా ఆగితే కంపెనీ కమీషన్ 5 శాతం పోగా 95 వేలు వస్తుంది. నడుమ తేడా 23 వేలు, ఫ్రేమ్ ధరకు రెండున్నర రెట్లు. చట్టం ప్రకారం కమీషన్ 7 శాతం దాకా తీసుకోవచ్చు, 2019లో ఆ పరిమితిని 5 నుంచి పెంచారు, కాబట్టి నీ అగ్రిమెంట్లో ఎంత ఉందో చూసుకో. దీనికి తోడు ఎత్తుకున్నాక జమానత్ సంతకాల కోసం ఇంకొకరిని అడుక్కోవాలి, ఇంకో 14 నెలలు ఆపకుండా కట్టాలి. కార్డు ఈఎంఐ కూడా వద్దు. నో కాస్ట్ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఉంటాయి. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు చెప్పింది.

బ్యాంకులో ఉన్న 60 వేలను ముట్టుకోకు. ఇంటి ఖర్చు, చిట్టీ కలిపి నీకు నెలకు 33 వేలు కావాలి, ఆ 60 వేలు రెండు నెలలకు కూడా చాలవు, ప్రైవేటు ఉద్యోగికి అది మరీ తక్కువ. నెలకు 9 వేలు మిగులుతున్నాయి కదా, అందులో 5 వేలు దానికే కలుపు, 4 వేలు సైకిల్‌కు కేటాయించు. ఇది దుబారా అని నేను అనడం లేదు, నువ్వు తొక్కాలి, తొక్కితే నీ ఒంటికి మంచిది, నాకూ సంతోషం.

ఖర్చు వరుస మాత్రం నేను చెప్పినట్టు పెట్టుకో. చక్రాలు, సీటు, పెడళ్లు, హ్యాండిల్ లాంటివి రేపు ఈ ఫ్రేమ్ కాకపోయినా చాలావరకు ఇంకో ఫ్రేమ్‌కు పోతాయి. పెయింట్, క్రోమ్, స్టిక్కర్ల మీద పెట్టింది ఈ ఫ్రేమ్‌తోనే పోతుంది, అమ్మినా తిరిగి రాదు, పైగా పాత సైకిళ్లు ఇష్టపడేవాళ్లు చాలామంది అసలు పెయింటే అడుగుతారు. కాబట్టి ముందు నడిచే స్థితికి తెచ్చి, భద్రకాళి చెరువు కట్ట వైపు, తర్వాత కాస్త దూరం, రెండు మూడు నెలలు తొక్కు. నడుము, మెడ, మోకాళ్లు ఏమీ అనకపోతే అప్పుడు పెయింట్‌కు ఇవ్వు.

ఆదివారం పార్టీ వస్తే రానీ. నువ్వు శనివారమే వెళ్లి కొలిచి, కుదిరితే వెయ్యి రూపాయలు అడ్వాన్స్ ఇచ్చి, నడిపి చూశాక వద్దనుకుంటే వాపస్ అని వాట్సాప్‌లో ఒక మాట రాయించుకో. ఒప్పుకోకపోతే వదిలెయ్. ఇక చిట్టీ చివర్లో వచ్చే డబ్బు ఎటు పోవాలో ఇప్పుడే మీ ఆవిడతో కూర్చుని అనుకో. పాప పేరు మీద సుకన్య సమృద్ధి ఖాతా ఇంకా లేకపోతే అప్పటిదాకా ఆగకు, పోస్టాఫీసులో 250 రూపాయలతోనే తెరుస్తారు, ఈ నెలలోనే తెరువు.