ఇళ్లలో చేరే అడవి జంతువులను తరలించేవారికి శిక్షణ, ధ్రువపత్రం ఎందుకు?

బోను పెట్టడం వస్తే చాలదా అని అడిగారు. చాలదు. అది ఆ పనిలో చిన్న భాగం మాత్రమే. అటక మీద గబ్బిలాలు చేరాయనుకోండి. అవి దూరడానికి అర అంగుళం సందు చాలు. బయటికి వెళ్లగలిగి, తిరిగి రాలేని గొట్టాన్ని ఆ సందుకు బిగించి, అన్నీ వెళ్లిపోయాక మూసేయాలి. అదే పని పిల్లలు ఇంకా ఎగరలేని రోజుల్లో చేస్తే తల్లులు బయట ఉండిపోతాయి, లోపల పిల్లలు ఆకలితో చనిపోతాయి. ఈ సంగతి తెలియనివారికి దయచేసి పని అప్పగించకండి.

మంచి శిక్షణలో జంతువుల గుర్తింపు, రక్షణ చట్టాలు, వ్యాధుల జాగ్రత్తలు నేర్పుతారు. కరవకముందే రేబిస్ టీకా వేయించుకోవడం వాటిలో ముఖ్యమైనది. ధ్రువపత్రం సాధారణంగా పరీక్ష రాశాకే ఇస్తారు. అయితే ధ్రువపత్రం వేరు, ప్రభుత్వ అనుమతి వేరు; రెండూ చూపించమని అడగండి.