ఈసారి అరకు కాదు, ఏటికొప్పాక

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో మూడు రోజులు విశాఖ వెళ్తున్నాం. మా అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. పిల్లలకు ఆరేళ్లు, తొమ్మిదేళ్లు. ఒకరోజు అరకు వెళ్లొద్దామంటున్నారు మావారు. వీలవుతుందా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: అరకు ఈసారికి వదిలేయండమ్మా. వెళ్లడానికే వంద కిలోమీటర్ల పైన, అందులో ఘాట్ రోడ్డు. ఒక్కరోజులో వెళ్లొస్తే చూసినదానికంటే కారులో కూర్చున్నదే ఎక్కువవుతుంది. బొర్రా గుహల మెట్లు అమ్మగారి వల్ల కాదు.

ఆ రోజు ఏటికొప్పాక వెళ్లండి. ఎలమంచిలి దగ్గర, వరాహ నది ఒడ్డున ఉంటుంది. అక్కడి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిర్రున తిరిగే అంకుడు కర్రకు రంగు లక్కను ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను గంటసేపు అక్కడినుంచి కదల్లేదు. అమ్మగారికి ఒక కుర్చీ అడిగి వేయించండి. కొనేటప్పుడు సహజ రంగులేనా అని అడగండి. పండగ మూడు రోజులూ పని ఆగిపోవచ్చు, కాబట్టి భోగికి ముందో, కనుమ దాటాకో వెళ్లండి.

నేను పుట్టింది భీమిలిలో. అక్కడికి తెల్లవారకముందే చేరుకోండి. సముద్రంలోంచి సూర్యుడు పైకి రావడం అమ్మగారు ఒడ్డున కూర్చునే చూడొచ్చు. తిరిగొచ్చేటప్పుడు ఎండ ముదరకముందే పిల్లల్ని ఎర్రమట్టి దిబ్బల్లో నడిపించండి. వేల ఏళ్లుగా ఏర్పడ్డ దిబ్బలవి, గుప్పెడు మట్టి కూడా తేనివ్వకండి.

నీళ్ల దగ్గర మాత్రం పిల్లల చెయ్యి వదలొద్దు. ఎనిమిదేళ్లప్పుడు నేను మోకాలి లోతులోనే నిలబడ్డాను. వెనక్కి వెళ్లే అల కాళ్లకింద ఇసుకతో సహా నన్ను లాగేసింది. చిన్నాన్న జుట్టు పట్టుకుని బయటికి లాగాడు. ఇప్పటికీ ఆ పట్టు గుర్తుంది. ఆర్కే బీచ్‌లో సాయంత్రం ఒడ్డునే కూర్చుని మురీ మిక్చర్ తినండి, స్నానాలు వద్దు. భోజనానికి కోనాం చేప పులుసు దొరికితే వదలకండి. ఇంటికి మాడుగుల హల్వా తీసుకెళ్లండి.

ఏటికొప్పాకలో లక్కపిడతల సెట్లు రెండు కొనండి. ఒకటి పిల్లలకు, ఒకటి అమ్మగారికి.