మైల్స్ టికెట్ ఫ్రీ అన్నారు, మరి ఈ ఏడొందల డాలర్లేంటి?

డల్లాస్‌కి వచ్చి రెండేళ్లయిన ఒక తమ్ముడు మొన్న ఫోన్ చేసి ఒకటే గోల. "అన్నా, ప్రతి కాఫీకీ కార్డే గీకి లక్ష పైచిలుకు పాయింట్లు చేశాను, హైదరాబాద్ టికెట్లు ఫ్రీగా వస్తాయనుకుంటే చివరి పేజీలో మనిషికి ఏడొందల చిల్లర కట్టమంటోంది, సైట్ ఫేకా?" అని. ఫేక్ కాదు నాయనా, ఒరిజినలే. పన్నెండేళ్ల కిందట నాకూ ఇదే పేజీ ఎదురైంది, అప్పుడు అడగడానికి ఎవరూ లేక కట్టేశాను.

ముందు లెక్క అర్థం చేసుకోండి. కార్డు పాయింట్లని ఎయిర్‌లైన్‌కి పంపితే మైల్స్ అవుతాయి, ఆ మైల్స్ ఇచ్చి టికెట్ తీసుకోవచ్చు. మనం డబ్బు పెట్టి కొనే టికెట్‌లో మూడు ముక్కలుంటాయి. ఒకటి అసలు ఛార్జీ. రెండోది ప్రభుత్వాలూ ఎయిర్‌పోర్టులూ తీసుకునే పన్నులు, శంషాబాద్‌లో యూజర్ ఫీజు లాంటివి. మూడోది ఎయిర్‌లైన్ తనంతట తాను వేసుకునే సర్‌ఛార్జి. మన మైల్స్ మొదటి ముక్కకే చెల్లుతాయి. పన్నులు ఎలాగూ కట్టాలి, అది న్యాయమే. కానీ ఆ మూడోదాన్ని కూడా "టాక్సులు, ఫీజులు" అనే ఒకే గంపలో వేసి చూపిస్తారు, మనం పాపం అదంతా గవర్నమెంట్‌కి పోతోందనుకుంటాం. ఫ్లాట్‌కి అద్దె వద్దులే బాబూ అని, నెల తిరిగేసరికి పదిహేను వేలు మెయింటెనెన్స్ అడిగినట్టు.

ఇరవై ఏళ్ల కిందట చమురు ధరలు పెరిగినప్పుడు దీన్ని ఇంధన సర్‌ఛార్జి అని మొదలుపెట్టారు. తర్వాత చమురు తగ్గినా ఇది మాత్రం పోలేదు. నిజమైన ఇంధనం ఖర్చుతో పొంతన లేకుండా ఆ పేరు వాడొద్దని 2012లో అమెరికా రవాణా శాఖ చెప్పాక చాలామంది పేరు మార్చేశారు, వసూలు మాత్రం ఆపలేదు. టికెట్ వివరాల్లో వైక్యూ లేదా వైఆర్ అనే రెండక్షరాల కోడ్ కనిపిస్తే అది ఇదే. గూగుల్ వాళ్ల ఐటీఏ మ్యాట్రిక్స్ అనే ఉచిత సైట్‌లో మీ రూట్, తేదీ కొడితే ఛార్జీని లైన్ లైన్‌గా విడదీసి చూపిస్తుంది. టికెట్ అక్కడ కొనలేం కానీ వైక్యూ ఎదురుగా ఎంత ఉందో చూడ్డానికి అంతకంటే మంచి చోటు లేదు. తమ్ముడికి అదే చూపించాను, అతని ఏడొందల్లో ఐదొందల పైన ఆ ఒక్క లైనే.

ఇక నా కథ. మరదలి పెళ్లికి తెనాలి వెళ్లాలి, ఫిబ్రవరిలో. నేను, మా ఆవిడ, పద్నాలుగు నెలల పాప. ఎయిర్‌లైన్ పేరెందుకులే కానీ, రానూపోనూ మనిషికి 60 వేల మైళ్లు, పైన 680 డాలర్లు. ఫ్రీయే కదా అని ఆవేశంగా క్రెడిట్ కార్డు పాయింట్లన్నీ అక్కడికి పంపేశాను. పంపాక మామూలు టికెట్ ఎంతుందో చూశాను (ముందు చూడాలని అప్పుడు తట్టలేదు!). సీజన్ కాదు కాబట్టి 1,050 ఉంది. అంటే నా 60 వేల మైళ్లు ఆదా చేసింది 370 డాలర్లు. అవే పాయింట్లని పంపకుండా కార్డు వాళ్ల దగ్గర క్యాష్‌గా తీసుకున్నా 600 వచ్చేవి. పైగా డబ్బు పెట్టి కొన్న టికెట్‌కి మళ్లీ మైల్స్ వస్తాయి, మైల్స్ టికెట్‌కి రావు. ఒకసారి ఎయిర్‌లైన్‌కి పంపిన పాయింట్లు తిరిగి కార్డులోకి రావు, ఎంత బతిమాలినా రావు. ఈ ఒక్క విషయం మా ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.

అంతటితో అయిపోయిందా, పాప సంగతి మిగిలే ఉంది. ఒళ్లో కూర్చునే పాపకి టికెట్ ఏంటి అనుకున్నా. అంతర్జాతీయ ప్రయాణంలో ఒళ్లో పిల్లలకి సాధారణంగా పెద్దవాళ్ల ఛార్జీలో పది శాతం, పన్నులు అదనం. మనది మైల్స్ టికెట్ అయినా సరే, చాలా చోట్ల ఆ పది శాతం కట్టేది డాలర్ల ఛార్జీ మీదే. మీరు సరదాపడి బిజినెస్ క్లాస్ బుక్ చేశారనుకోండి, దాని అసలు ధర ఆరు వేలుంటే ఒళ్లో పిల్లకి ఆరొందలు. ఎయిర్ కెనడా వాళ్ల మైల్స్ ప్రోగ్రామ్ ఏరోప్లాన్‌లో మాత్రం ఒళ్లో పిల్లలకి 25 కెనడియన్ డాలర్లో 2,500 పాయింట్లో తీసుకుని వదిలేస్తారు, చంటిపిల్లలున్న వాళ్లు మొదట అటు చూడండి.

ఇప్పుడు అసలు సూత్రం. ఎయిర్‌లైన్స్ ఒకదానితో ఒకటి పార్ట్‌నర్లుగా ఒప్పందం పెట్టుకుంటాయి, అప్పుడు ఒకరి మైల్స్‌తో ఇంకొకరి విమానంలో సీటు తీసుకోవచ్చు. విమానం ఒకటే, సీటు ఒకటే, కానీ ఎవరి మైల్స్‌తో బుక్ చేశారన్నదాన్ని బట్టి కట్టే డబ్బు మారిపోతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్ వచ్చే లుఫ్తాన్సా సీటుని వాళ్ల సొంత మైల్స్‌తో తీసుకుంటే సర్‌ఛార్జి కట్టాలి. అదే సీటుని యునైటెడ్ మైల్స్‌తోనో ఏరోప్లాన్‌తోనో తీసుకుంటే ఆ సర్‌ఛార్జి ఉండదు. ఏరోప్లాన్ వాళ్లు పార్ట్‌నర్ టికెట్‌కి 39 కెనడియన్ డాలర్లు బుకింగ్ ఫీజు వేస్తారు, అది కూడా కలుపుకోండి. అలాగే అమెరికన్ ఎయిర్‌లైన్స్ మైల్స్‌తో లండన్ మీదుగా బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో వెళ్తే సర్‌ఛార్జి మీ నెత్తినే. అవే మైల్స్‌తో దోహా మీదుగా ఖతార్ ఎయిర్‌వేస్‌లో వెళ్తే కట్టేది చాలా తక్కువ. అమెరికా నుంచి సర్‌ఛార్జి లేకుండా నేరుగా ఢిల్లీ వెళ్లే మైల్స్ టికెట్‌కి కట్టాల్సింది కొద్ది డాలర్లే, అందులో 5 డాలర్ల 60 సెంట్లు సెక్యూరిటీ ఫీజు. ఆ కొద్ది డాలర్లకీ ఏడొందలకీ మధ్య తేడా ఎక్కడ పుడుతుందో ఇప్పుడు తెలిసింది కదా. కాకపోతే ఆ చవక సీట్లు దొరకాలి. జూన్‌లో, డిసెంబర్‌లో మనవాళ్లంతా ఒకేసారి కదులుతారు, పదకొండు నెలల ముందు బుకింగ్ క్యాలెండర్ తెరుచుకోగానే పట్టుకోకపోతే కష్టం.

ఇంకొన్ని చిన్న చిన్న కోతలున్నాయి. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ (అమెక్స్) కార్డు పాయింట్లని డెల్టా లాంటి అమెరికా ఎయిర్‌లైన్‌కి పంపితే ఎక్సైజ్ టాక్స్ పేరుతో కొంత పడుతుంది, గరిష్ఠంగా 99 డాలర్లు. ఇండియా నుంచి బయల్దేరే టికెట్‌కి పన్నులు రూపాయల్లో పడితే కొన్ని కార్డులు మూడు శాతం విదేశీ లావాదేవీ ఫీజు గుంజుతాయి. తిరుగు ప్రయాణంలో లండన్‌లో రెండ్రోజులు ఆగి ఫ్రెండ్‌ని చూసొద్దాం అనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోండి, 24 గంటలు దాటితే అక్కడి ఎయిర్ ప్యాసింజర్ డ్యూటీ అనే పన్ను పడుతుంది, బిజినెస్ క్లాస్‌కి ఎకానమీ కంటే రెట్టింపు పైనే.

అమ్మానాన్నల టికెట్ విషయంలో మనవాళ్లు చేసే తప్పు మరొకటి ఉంది. నాన్నగారి పేరు మీద కొత్త అకౌంట్ తెరిచి, మైల్స్ అందులోకి పంపించి, అక్కడ్నుంచి బుక్ చేస్తారు. ఆ పంపకానికి చాలా ఎయిర్‌లైన్స్ బోలెడు ఛార్జి చేస్తాయి, వేల మైళ్లకి వందల డాలర్లు అవుతుంది. అసలు ఆ అవసరమే లేదు. ఎక్కువ ప్రోగ్రాముల్లో మీ అకౌంట్‌లోంచే వాళ్ల పేరుతో టికెట్ తీసుకోవచ్చు, పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు ఇంటిపేరుతో సహా సరిగ్గా కొట్టండి చాలు. ఇద్దరి మైల్స్ కలిపితే గానీ సరిపోవు అంటే యునైటెడ్‌లో ఐదుగురి వరకూ ఉచితంగా ఒక కుండలో వేసుకునే వీలుంది.

ఒక్కటి మాత్రం మైల్స్ టికెట్‌కి అనుకూలంగా చెప్పాలి. నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్‌లో వీసా స్టాంపింగ్ అపాయింట్‌మెంట్ ఎప్పుడు వెనక్కి జరుగుతుందో, పాస్‌పోర్ట్ ఎప్పుడు చేతికొస్తుందో ఎవరికీ తెలీదు, ఆ టెన్షన్ పడ్డవాళ్లకే తెలుసు. 2020 తర్వాత అమెరికాలోని పెద్ద ఎయిర్‌లైన్స్ సొంత మైల్స్ టికెట్ ముందుగా రద్దు చేసుకుంటే చాలావరకు మైల్స్ ఉచితంగా వెనక్కిస్తున్నాయి. బయటి దేశాల ప్రోగ్రాములు చాలావరకు రద్దుకి ఫీజు తీసుకుంటాయి. అందుకే స్టాంపింగ్ ఉన్న ట్రిప్‌కి నేను నాలుగైదు వేల మైళ్లు ఎక్కువైనా అమెరికా వాళ్ల మైల్సే వాడతాను. రద్దు చెయ్యకుండా ఎక్కకపోతే మాత్రం ఫీజు పడొచ్చు, విమానం బయల్దేరే లోపే క్యాన్సిల్ నొక్కండి.

తమ్ముడు అదృష్టవంతుడు, ట్రాన్స్‌ఫర్ బటన్ ఇంకా నొక్కలేదు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని ఫిబ్రవరికి వెతికితే యునైటెడ్ సైట్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా రెండు సీట్లు కనిపించాయి. కనిపించిన సీటు బుక్ చెయ్యబోతే మాయమవడం కూడా ఉంది కాబట్టి పేర్లు కొట్టి, డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లి చూసి, అప్పుడు పాయింట్లు పంపించాం. వెళ్లేదానికి ఇద్దరికీ కలిపి కట్టింది నూరు డాలర్ల లోపే. తిరుగు టికెట్ ఇంకా దొరకలేదు, రోజూ పొద్దున్నే చూస్తున్నాడు.